మోటారు మీది పేరు: లక్ష్మణరావు కిర్లోస్కర్ జీవితం

మన ఊళ్ళలో కిర్లోస్కర్ అంటే ఒక మనిషి పేరని చాలామందికి తెలియదు. అది బావి దగ్గరి మోటారు పేరు. మోటారు కాలిపోయిందని ఇంటి నుంచి ఫోను వస్తే ఆ పేరే వినబడుతుంది. వైండింగుకు ఎన్ని వేలయిందో ఆ పేరుతోనే లెక్క చెప్తారు. ఇక్కడ గల్ఫులో మా సైట్లలో పునాది గుంటల్లోంచి నీళ్ళు తోడడానికి ఏవేవో దేశాల పంపులు వస్తుంటాయి. వాటి మధ్య ఎప్పుడన్నా ఆ పేరు కనబడితే సొంతూరి మనిషి ఎదురుపడ్డట్టు ఉంటుంది.

ఆ పేరు గల మనిషి లక్ష్మణరావు కాశీనాథ్ కిర్లోస్కర్. 1869లో పుట్టి 1956లో పోయారు. తెలుగువారు కాదు. ఆయన గురించి మన వార్షిక పుస్తకంలో రాయడానికి ఒక కారణం ఉంది. క్యాంపుల్లో రాత్రి భోజనాలయ్యాక మనవాళ్ళ మాటలు ఎక్కడ మొదలైనా చివరికి ఒకచోటికే వస్తాయి. ఇంకో రెండేళ్ళు చేసి, నాలుగు పైసలు వెనకేసుకుని, ఇంటికి పోయి ఏదన్నా పెట్టుకోవాలి. వెల్డింగు షాపో, సిమెంటు ఇటుకల మిషనో, కోళ్ళ ఫారమో. కొందరు పోయి పెట్టారు. పెట్టినవాళ్ళలో కొందరు మళ్ళీ ఏజెంటు చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళకు పని రాదని ఎవరూ అనలేరు. మరి దుకాణం ఎందుకు నిలబడలేదు? లక్ష్మణరావుగారు కూడా ఊరు విడిచి పెద్ద పట్నం పోయి, పని నేర్చుకుని, వెనక్కొచ్చి చిన్న ఊళ్ళో దుకాణం పెట్టిన మనిషే. ఆయనది ఎందుకు నిలబడిందో చూస్తే మన ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుందని మాకు అనిపించింది.

ఆయన పుట్టింది బెల్గాం జిల్లా గుర్లహొసూరులో. మరాఠీ, కన్నడం రెండూ వినబడే ప్రాంతం. తండ్రి కాశీనాథ్ పంతు వేదాంతం చదివిన పండితుడు. అలాంటి ఇంట్లో పిల్లవాడు చదువుకుని ఏదో ఒక కొలువులో కుదురుకోవాలనే కోరుకుంటారు. లక్ష్మణరావుకు బడి చదువు ఎక్కలేదు. బొమ్మలు గీయడం ఇష్టం, మిషను కనబడితే లోపల ఏముందో చూడడం ఇష్టం. 1885లో బొంబాయి వెళ్ళి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అన్న రామచంద్రరావు ఆయనకు అండగా నిలిచాడు. ఇంట్లో ఈ అన్నను రామూఅన్న అనేవారు. ఈ కథలో రామూఅన్న మళ్ళీ మళ్ళీ వస్తాడు.

ఆ రోజుల్లో బొంబాయికి మనవాళ్ళు కూడా పోతూనే ఉన్నారు. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి వెళ్ళి రాళ్ళు మోసి, సున్నం కలిపి, ఆ నగరం కట్టిన కూలీలను కామాటీలు అనేవారు. కామాటిపుర అనే పేటకు ఆ పేరు వాళ్ళ నుంచే వచ్చింది. లక్ష్మణరావుగారు కుంచె పట్టుకుని అడుగుపెట్టిన నగరంలో మన తాతముత్తాతలు తట్ట పట్టుకుని ఉన్నారు. ఈ రెండింటికీ అంతకుమించి సంబంధం లేదు. అయినా కట్టుబడి పనివాళ్ళం కాబట్టి రాయకుండా ఉండలేకపోయాం.

బొమ్మల చదువు మధ్యలోనే ఆగిపోయింది. కొన్ని రంగుల తేడా ఆయన కళ్ళకు తెలియదని బయటపడింది. చిత్రకారుడు కావాలని ఇల్లు వదిలి వచ్చిన కుర్రవాడికి ఇది చిన్న దెబ్బ కాదు. కానీ మెకానికల్ డ్రాయింగుకు రంగులు అక్కర్లేదు. ప్లాను, ఎలివేషను, సెక్షను, కొలత. గీత సరిగ్గా ఉంటే చాలు. డిప్లొమా చదివినవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు, డ్రాయింగు చదవగలిగినవాడికి సైటులో ఎంత విలువో వేరే చెప్పక్కర్లేదు. లక్ష్మణరావుగారు ఆ విద్య బాగా పట్టారు. బొంబాయిలో అప్పుడే కొత్తగా వచ్చిన విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డ్రాయింగు చెప్పే అసిస్టెంటు టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడి వర్కుషాపులో మిషన్ల మీద చేయి తిరిగింది. అమెరికా నుంచి వచ్చే టెక్నికల్ పత్రికలు, క్యాటలాగులు చదివి మిగతాది నేర్చుకున్నారు.

ఉద్యోగం చేస్తూనే చిన్న వ్యాపారం మొదలుపెట్టారు. బొంబాయి రోడ్ల మీద అప్పుడే సైకిళ్ళు కనబడుతున్నాయి. ఈయన ఇక్కడ సైకిలు కొని పంపడం, బెల్గాంలో రామూఅన్న అమ్మడం. 1888లో అన్నదమ్ములు బెల్గాంలో పెట్టిన సైకిలు షాపే తర్వాత వచ్చిన అన్నింటికీ మొదలు. రామూఅన్న సైకిలు అమ్మి ఊరుకోలేదు. పైసలు తీసుకుని తొక్కడం కూడా నేర్పేవాడు, పాడైతే బాగుచేసేవాడు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. తొక్కడం రానివాడు సైకిలు కొనడు, బాగుచేసేవాడు దగ్గర లేకపోతే ఒకసారి కొన్నవాడు రెండోసారి కొనడు. అన్నదమ్ములకు ఈ సంగతి సైకిళ్ళ దగ్గరే అర్థమైంది, నాగళ్ళ దాకా ఉపయోగపడింది.

బొంబాయిలో ఆయనకు రావలసిన ప్రమోషను ఒక ఆంగ్లో ఇండియనుకు ఇచ్చారు. పనిని బట్టి కాకుండా పుట్టుకను బట్టి కుర్చీ ఇవ్వడం గురించి మన పాఠకులకు వివరించాల్సిన పని లేదు, పాస్‌పోర్టును బట్టి జీతం మారడం మనం చూస్తున్నదే. ఆయన ఉద్యోగం వదిలేసి బెల్గాం వచ్చేశారు.

సైకిళ్ళు వేరే దేశం సరుకు. అమ్మితే కమీషను మిగులుతుంది, విద్య మిగలదు. అన్నదమ్ములు సొంతంగా ఏదన్నా తయారు చేయాలనుకున్నారు. మొదట చేసింది చొప్ప కత్తిరించే మిషను. పశువులున్న రైతుకు అవసరమైన వస్తువు, చూడగానే లాభం తెలుస్తుంది. తర్వాత ఇనుప నాగలి. ఇక్కడ కష్టాలు మొదలయ్యాయి.

మన చెక్క నాగలి సంగతి తెలిసిందే. వడ్రంగి చెక్కుతాడు, కమ్మరి కర్రు సాగదీసి పదును పెడతాడు. అది భూమిని గీస్తుంది కానీ తిరగేయదు. ఇనుప నాగలి మట్టిని లోతుగా కోసి బోర్లా వేస్తుంది. వేళ్ళు లోతుకు పోయే మొండి గడ్డి పట్టిన నల్లరేగడి చేలకు అది కావాలి. అప్పటికి అలాంటి నాగళ్ళు ఇంగ్లండు నుంచే వచ్చేవి. లక్ష్మణరావుగారు ఇక్కడ పోత పోసి చేశారు. కొనేవాడే లేడు. ఇనుము తగిలితే భూమికి విషమెక్కుతుందని, పంట పండదని రైతులు నమ్మేవారు. మొదటి నాగలి అమ్మడానికి రెండేళ్ళు పట్టింది.

ఈ మాట చెప్పి రైతుల మూఢనమ్మకం అని నవ్వేవాళ్ళు ఉంటారు. మేం నవ్వం. ఒక్క కారు పంట పోతే ఆ ఇంటికి అప్పు తప్ప మిగిలేది ఉండదు. నాగలి చేసినవాడు వచ్చి నష్టం కట్టివ్వడు. పక్కవాడి చేలో పండితే చూసి కొందామనుకోవడం తెలివే. లక్ష్మణరావుగారు కూడా రైతులను తిట్టుకుంటూ కూర్చోలేదు, ఓపిక పట్టారు. చేలో కర్రు ఎక్కడ అరుగుతోంది, ఎక్కడ విరుగుతోంది, ఎద్దులకు ఎంత బరువు పడుతోంది అని రైతు చెప్పేది పోతపోసే కొలిమి దాకా చేరాలి. ఇంగ్లండులో నాగలి చేసేవాడికి ఆ మాట చేరదు, చేరినా ఏ ఆర్నెల్లకో. బెల్గాంలో అదే వారంలో చేరుతుంది. కర్రు అరిగితే నాగలి మొత్తం పారేయకుండా కర్రు ఒక్కటే మార్చుకునేలా ఉండాలి, ఆ కర్రు దగ్గర్లో దొరకాలి. పేరున్న విదేశీ సరుకుతో చిన్న ఊరి కార్ఖానా పోటీకి నిలబడిందంటే ఈ దగ్గరితనం వల్లే అని మా అభిప్రాయం. ధర ఒక్కటే తగ్గించి నిలబడాలనుకునేవాడిని ఇంకా ధర తగ్గించేవాడు వచ్చి పడగొడతాడు. మన ఊళ్ళలో పక్కపక్కనే నాలుగు వెల్డింగు షాపులు పెట్టి అడుగుకు ఇంత అని తగ్గించుకుంటూ పోయి నలుగురూ మూసుకోవడం మేం చూశాం.

నాగలి అమ్ముడవడం మొదలయ్యాక ఇంకో చిక్కు. కార్ఖానా ఉన్న చోటును బెల్గాం మునిసిపాలిటీ ఖాళీ చేయమంది. కాలిన ఇనుము, పొగ, చప్పుడు ఊరి మధ్య ఉండకూడదనే మాటలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ ఎక్కడికి పోవాలో చెప్పేవాడు లేడు. అప్పటికి ఆయన వయసు నలభై. కొలిమి, అచ్చులు, పనివాళ్ళు, అప్పులు, అన్నీ మీద ఉన్నాయి.

ఆ సమయంలో ఆయన ఔంధ్ అనే చిన్న సంస్థానంలో ఒక హాలు కట్టించే పని ఒప్పుకుని ఉన్నారు. ఔను, కొంతకాలం ఆయన కూడా మనలాగే కట్టుబడి కాంట్రాక్టు మనిషి. ఔంధ్ రాజు భవాన్‌రావు పంత్ ప్రతినిధి. బాలాసాహెబ్ అనేవారు. డెబ్బై చిల్లర ఊళ్ళ రాజ్యం, అవి కూడా ఒకచోట లేవు, ఇక్కడో ముక్క అక్కడో ముక్క. రాజుగారు స్వయంగా బొమ్మలు వేసేవారు. ఇప్పుడు దేశమంతా చేస్తున్న సూర్యనమస్కారాలను కసరత్తుగా ప్రచారం చేసింది కూడా ఆయనే. లక్ష్మణరావు కష్టం విని తన సంస్థానంలో చోటు ఇస్తానన్నారు, 10,000 రూపాయలు అప్పు ఇచ్చారు. చోటు కుండల్ రోడ్ రైల్వే స్టేషను దగ్గర, 32 ఎకరాలు. నాగజెముడు పొదలు, పాములు, ఎండిన నేల. 1910 మార్చిలో అక్కడ పని మొదలైంది. వెంట వచ్చింది 25 మంది పనివాళ్ళు, వాళ్ళ కుటుంబాలు.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. బయటినుంచి చూసేవాడికి రాజుగారి పది వేలే కనబడతాయి. పది వేలు అప్పట్లో పెద్ద మొత్తమే. కానీ పైసలు ఒక్కటే ఉంటే ఆ పాముల పుట్టల్లో కార్ఖానా లేవదు. పక్కన రైలు ఉంది. పోత ఇనుము, బొగ్గు రైల్లో దిగుతాయి, నాగళ్ళు రైల్లో ఎక్కుతాయి. చుట్టూ నల్లరేగడి సేద్యం, చెరుకు ఉంది, అంటే కొనేవాడు గడప ముందే ఉన్నాడు. మళ్ళీ లేవగొట్టే మునిసిపాలిటీ లేదు. అప్పిచ్చిన రాజుకు వడ్డీ కన్నా తన సంస్థానంలో ఒక పరిశ్రమ బతకడం ముఖ్యం. అన్నిటికన్నా పెద్దది, ఆ పాతిక కుటుంబాలు. మనవాళ్ళు ఊళ్ళో షాపు పెట్టేటప్పుడు మిషను ధర, షెడ్డు ఖర్చు, కరెంటు మీటరు వరకు లెక్క వేస్తారు. చుట్టూ ఏముందో లెక్క వేసేవాళ్ళు తక్కువ.

ఆ మనుషుల్లో కొందరి పేర్లు చెప్పుకోవాలి. రామూఅన్న ఊరి కట్టుబడి, మంచిచెడ్డలు చూశాడు. శంభురావు జాంభేకర్ మిషన్లు చూశాడు. మంగేశ్‌రావు రేగే ఉత్తరాలు, లెక్కలు చూశాడు. అనంతరావు ఫళణీకర్ చదువు మధ్యలో మానేసిన కుర్రవాడు, అక్కడికి వచ్చి ఇంజనీరు అయ్యాడు. ఇంకా ఇద్దరున్నారు. తుకారాం రామోశీ, పిర్యా మాంగ్. దోపిడీ కేసుల్లో జైలుకు పోయి వచ్చిన మనుషులు. లక్ష్మణరావుగారు వాళ్ళను కార్ఖానాకు కాపలాదార్లుగా పెట్టుకున్నారు. వాళ్ళు నమ్మకంగా పనిచేశారు. అదే కాలంలో మన గుంటూరు జిల్లా వైపు, దొంగలని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను సర్కారు స్టూవర్టుపురంలో పెట్టి హాజరు తీసుకుంటోంది. కిర్లోస్కర్ కార్ఖానాలో అలాంటివాడి చేతికే తాళాలు ఇచ్చారు. ఔంధ్ రాజు కూడా తర్వాతి రోజుల్లో, 1939లో, స్వతంత్రపూర్ అనే చోట గోడలు లేని జైలు పెట్టారు. శాంతారాం తీసిన దో ఆంఖే బారహ్ హాథ్ సినిమాకు ఆ జైలే ప్రేరణ అంటారు.

కార్ఖానాతో పాటే ఊరు లేచింది. దానికి కిర్లోస్కర్‌వాడి అని పేరొచ్చింది. ఇళ్ళు, నీళ్ళు, బడి. అంటరానితనం పాటించడానికి లేదని లక్ష్మణరావుగారు గట్టిగా పెట్టారు. వేర్వేరు కులాల వాళ్ళు పక్కపక్కన ఉండాల్సి వచ్చింది. 1910లో, పల్లెటూళ్ళో, ఇది మాటల్లో చెప్పినంత తేలిక కాదు. బ్రిటన్‌లో, అమెరికాలో కంపెనీలు పనివాళ్ళకు కట్టిన ఊళ్ళ గురించి ఆయన చదివి ఉన్నారు. ఆ ఆలోచన అక్కడినుంచి వచ్చింది. మేం ఇక్కడ క్యాంపులు కట్టినవాళ్ళం, వాటిలోనే ఉంటున్నవాళ్ళం కూడా. బంకుబెడ్డుకూ బెడ్డుకూ మధ్య ఎంత దూరం ఉండాలో డ్రాయింగులో ఉంటుంది. పెళ్ళాం పిల్లలకు అందులో చోటు ఉండదు. పనివాడికి కుటుంబం పక్కన ఉంటే అతను ఆ చోటును తనది అనుకుంటాడు, అతని కొడుకు అదే కార్ఖానాలో ఇంకా పెద్ద పని నేర్చుకుంటాడు. నేర్చుకున్న పని ఆ ఊళ్ళోనే ఉండిపోతుంది. మన దగ్గర ఏం జరుగుతోంది? ఇరవై ఏళ్ళు ఇక్కడ నేర్చుకున్న షట్టరింగు, పైపు ఫిట్టింగు, క్రేను పని మనతో పాటు ముసలిదై ఇంటికి వస్తుంది. ఊళ్ళో దానికి గిరాకీ ఉండదు, నేర్చుకునే కుర్రవాడూ ఉండడు, వాడు అప్పటికే ఇక్కడికి వచ్చేసి ఉంటాడు.

1914లో యుద్ధం వచ్చింది. ఓడల్లో వచ్చే నాగళ్ళు ఆగిపోయాయి, ఇక్కడి నాగలికి గిరాకీ పెరిగింది. ఇనుము, బొగ్గు దొరకడం కూడా కష్టమైంది. దొరికిన దానితో సర్దుకుని కొలిమి ఆరిపోకుండా నడిపారు. యుద్ధం అయిపోయాక 1920లో కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్ అని రిజిస్టరు చేశారు. అన్నదమ్ముల షాపు వాటాదారుల కంపెనీ అయింది. చెరుకు గానుగలు, పల్లికాయ వొలిచే మిషన్లు, చేతి పంపులు వచ్చాయి. అన్నీ చుట్టూ ఉన్న సేద్యానికి కావలసినవే.

ఒక కార్ఖానా నిలబడితే దాన్ని చూసి ఇంకొకటి లేస్తుంది. అదే ఔంధ్ సంస్థానంలో కరాడ్ దగ్గర ఓగలే సోదరులు 1916లో గాజు కార్ఖానా పెట్టారు, ఆ చోటు ఓగలేవాడి అయింది. వాళ్ళ ప్రభాకర్ లాంతరు ఎన్నో ఇళ్ళలో వెలిగింది. గాజు చేసేవాడు నాగలి చేసేవాడికి పోటీ కాదు. కానీ పనితనం ఉన్నవాడికి ఇక్కడ చోటు దొరుకుతుంది, అప్పు దొరుకుతుంది, ఎవరూ లేవగొట్టరు అనే మాట ఆ ప్రాంతంలో పాకింది. ఈ ముక్కల రాజ్యం ఆ పని చేసింది.

ఇంకో సంగతి చాలామంది చెప్పరు. 1920లోనే కార్ఖానా కబుర్ల కోసం కిర్లోస్కర్ ఖబర్ అని చిన్న పత్రిక మొదలైంది. నడిపింది ఆ ఇంటివాడే, శంకరరావు కిర్లోస్కర్. సరుకు వివరాలు, రైతులకు పనికొచ్చే మాటలతో మొదలై, పోనుపోను మరాఠీలో పేరున్న మాసపత్రిక అయింది. 1930లో ఆడవాళ్ళ కోసం స్త్రీ అనే పత్రిక కూడా అక్కడినుంచే వచ్చింది. నాగళ్ళు పోసే పల్లెటూరి నుంచి ఆడవాళ్ళ పత్రిక రావడం ఏంటని మొదట మేం ఆశ్చర్యపోయాం. ఆలోచిస్తే అంత ఆశ్చర్యం లేదు. కొత్త వస్తువు వాడాలంటే కొత్తగా ఆలోచించే ఇల్లు కావాలి. సైకిలు తొక్కడం నేర్పినట్టే ఇదీ.

కొడుకు శంతనురావును అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇంజనీరింగు చదివించారు. రామూఅన్న కొడుకు మాధవ్ కూడా కలిసి వెళ్ళాడు, అక్కడే క్షయతో చనిపోయాడు. పరదేశంలో మనవాడు పోతే ఇంటికి కబురు ఎలా చేరుతుందో, ఆ ఇల్లు ఎలా ఉంటుందో మన ఫోరం వాళ్ళకు తెలుసు. శంతనురావు 1926లో చదువు ముగించుకుని వచ్చి అదే పల్లెలో పనిలో దిగాడు. ఆ ప్రాంతంలోనే కార్ఖానాలో పంపులు, డీజిలు ఇంజన్లు మొదలయ్యాయి. మన మోటారు మీది పేరు ఇక్కడినుంచి వచ్చింది. 1930ల మాంద్యంలో నాగళ్ళు కదలకపోతే ఇనుప ఫర్నిచరు చేశారు. పనివాడిని తీసేస్తే అతనితో పాటు పని కూడా పోతుందని వాళ్ళకు తెలుసు.

తర్వాత విస్తరణ. 1941లో హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్, 1946లో పుణెలో ఆయిలు ఇంజన్లు, బెంగుళూరులో ఎలక్ట్రికల్ మోటార్లు. పాలిటెక్నిక్‌లో మాలో కొందరు మొదట చేయి పెట్టిన లేతు మిషను హరిహర్ సరుకే. ఆ హరిహర్ కార్ఖానా చాలా ఏళ్ళు నడిచి చివరికి మూతపడింది. పేరు ఒకటే, ఇల్లు ఒకటే, పెద్ద పట్నాల అండ కూడా ఉంది. అయినా ఒకటి పోయింది, ఆ పల్లెలోది నిలిచింది. మూతపడడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఒక్క ముక్కలో తీర్పు చెప్పలేం. పేరు చూసి ఏ వ్యాపారమైనా దానంతట అదే నడుస్తుందనుకోవడం మాత్రం పొరపాటు.

1948 జనవరి 30న గాంధీగారిని చంపారు. చంపినవాడు మహారాష్ట్ర బ్రాహ్మణుడని ఆ ప్రాంతమంతా బ్రాహ్మణుల ఇళ్ళ మీద దాడులు జరిగాయి. కిర్లోస్కర్‌వాడి కార్ఖానాకు కూడా నిప్పు పెట్టారు. లక్ష్మణరావుగారికి అప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. కులం పట్టింపు లేకుండా ఊరు కట్టిన మనిషి కార్ఖానా కులం పేరుతోనే తగలబడింది. కాలిన షెడ్లు మళ్ళీ లేపి పని మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఔంధ్ సంస్థానం బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట రాయకపోతే మాకే తృప్తి ఉండదు. పంపు వచ్చాక మోట పోయింది, ఎద్దుల చాకిరీ తగ్గింది, రెండో పంటకు నీళ్ళు అందాయి. అది నిజమే. ఆ పంపులు తెరిచిన బావుల కోసం పుట్టినవి. మన కరీంనగర్, నిజామాబాద్, పాలమూరు వైపు నేల కింద రాయి. వాన నీరు పగుళ్ళలో నిలిచినంతే నీరు. చెరువు నిండితే బావి నిండేది. చెరువులు పూడిపోయాయి, బావులు ఎండిపోయాయి, బోర్లు వచ్చాయి. నూరు అడుగుల నుంచి మూడు వందలు, అయిదు వందలు. ప్రతి బోరులోకి ఒక మోటారు దిగింది. ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో బోరు అప్పు తీర్చడానికి విమానం ఎక్కినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. ఇది పంపు చేసినవాడి తప్పు అని మేం అనం. నీళ్ళు తోడే మిషను ఊరూరా వచ్చింది, నీళ్ళు ఇంకించే పని ఎవరికీ వ్యాపారం కాలేదు. నీళ్ళు లేని బోరులో ఎంత మంచి కంపెనీ మోటారైనా పాత ఇనుమే. ఊళ్ళో షాపు పెట్టే మనవాడి సంగతీ అంతే. వైండింగు షాపు బతకాలంటే మోటార్లు తిరగాలి, మోటార్లు తిరగాలంటే చెరువులో నీళ్ళుండాలి. ఈమధ్య చెరువుల పూడిక తీసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు బావుల్లో మళ్ళీ నీళ్ళు చూశామని చెప్తుంటే సంతోషంగా ఉంది.

లక్ష్మణరావుగారు 1956 సెప్టెంబరు 26న కన్నుమూశారు. నూరేళ్ళ జయంతికి, 1969 జూన్ 20న, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. బెల్గాంలో సైకిలు షాపు నాటి గుర్తుగా కిర్లోస్కర్ రోడ్ అని ఒక వీధి ఉంది. నాగజెముడు నరికి పని మొదలుపెట్టిన చోట ఇప్పటికీ పంపులు తయారవుతున్నాయి. పుణె నుంచి మిరజ్ పోయే లైనులో ఆ స్టేషనును ఇప్పుడు కుండల్ రోడ్ అనరు. బోర్డు మీద కిర్లోస్కర్‌వాడి అని ఉంటుంది.